‘మిస్సమ్మ’ చిత్రంలో సహోద్యోగుల ప్రేమ: కొలువు, కల్పిత దాంపత్యం, హాస్యం

వ్యాస సంగ్రహం:

విజయా సంస్థ 1955లో నిర్మించిన ‘మిస్సమ్మ’ చిత్రాన్ని ఆహ్లాదకరమైన ప్రేమకథగా, హాస్యచిత్రంగా ఇంతవరకు చూస్తూ వచ్చాం. దానికి మూలాధారం ఒక ఉద్యోగ ప్రకటన. నాయికానాయకులు ప్రేమికులు కావడానికి ముందు నిరుద్యోగులు, ఆ తరువాత సహోద్యోగులు. ఉద్యోగంలోని ఒక షరతు వారి మధ్య కల్పిత దాంపత్యాన్ని సృష్టిస్తే, కలిసి పనిచేయడం ఆ కల్పనను క్రమంగా నిజం చేస్తుంది. ఈ పరిణామాన్ని భరతుని హాస్యరస వివరణ వెలుగులో పరిశీలించడం, ఉద్యోగ స్థలంలోని ప్రేమను చిత్రించిన రెండు హాలీవుడ్ చిత్రాలతో పోల్చడం, ప్రేమ ఫలించిన వేళ నాయిక ఉద్యోగం ఏమైందన్న ప్రశ్నకు చిత్రంలోనే సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మిస్సమ్మ, చక్రపాణి, సహోద్యోగులు, హాస్యం, శృంగారానుకృతి, నిరుద్యోగం, మహిళా ఉపాధ్యాయిని, లూబిచ్.

1. ప్రవేశిక:

ప్రేమకథల్లో నాయికానాయకులు కలుసుకొనే స్థలానికి ప్రత్యేకమైన అర్థం ఉంటుంది. మన కావ్యాల్లో ఉద్యానవనం, ఆశ్రమం, స్వయంవర మండపం ఆ స్థలాలు. జానపద చిత్రాల్లో అది రాజోద్యానం. మేనరికాల చుట్టూ తిరిగే కుటుంబ కథల్లో ఇల్లే ఆ స్థలం. ఈ స్థలాలన్నింటిలో నాయికానాయకులకు తీరిక ఉంటుంది. మరునాటి భోజనానికి డబ్బు ఎక్కడిదన్న చింత వారికి ఉండదు.

ఇరవయ్యవ శతాబ్దపు నగర జీవితం ఈ జాబితాలో పనిచేసే చోటును చేర్చింది. బంధుత్వం లేని స్త్రీపురుషులు రోజూ ఒకరి ముఖం ఒకరు చూడవలసిన కొత్త స్థలం అది. అక్కడ ప్రేమ కంటే ముందు జీతం ఉంటుంది, యజమాని ఉంటాడు, ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఉంటుంది. కనుక అటువంటి చోట పుట్టిన ప్రేమను చెప్పే కథ, ఇష్టం ఉన్నా లేకున్నా, బతుకుతెరువును గురించి కూడా చెప్పక తప్పదు. తెలుగు సినిమాలో ఈ సంగతిని తొలినాళ్ళలోనే హాస్యంగా, సమర్థంగా చెప్పిన చిత్రం ‘మిస్సమ్మ’. ఇందులోని ఉద్యోగ స్థలం ఒక గ్రామంలోని ప్రాథమిక పాఠశాల. సహోద్యోగులు ఇద్దరు ఉపాధ్యాయులు.

2. చిత్ర నేపథ్యం:

‘మిస్సమ్మ’ 1955 జనవరి 12న విడుదలైంది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. పాటలు పింగళి నాగేంద్రరావు రాయగా సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చారు. మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం చేశారు. ఎన్.టి.రామారావు, సావిత్రి, అక్కినేని నాగేశ్వరరావు, జమున, ఎస్.వి.రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, రమణారెడ్డి, అల్లు రామలింగయ్య ముఖ్య పాత్రధారులు. మేరీ పాత్రకు మొదట భానుమతిని ఎంపిక చేసుకున్నారు. ఆమె తప్పుకోవడంతో ఆ పాత్ర సావిత్రికి దక్కింది. సావిత్రి వేయవలసిన సీత పాత్రను జమున పోషించారు. తమిళంలో ఇదే చిత్రాన్ని జెమినీ గణేశన్, సావిత్రిలతో ఏకకాలంలో నిర్మించారు. 1957లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోనే హిందీలో ‘మిస్ మేరీ’గా వచ్చింది. అందులో మీనాకుమారి నాయిక.

కథకు ఆధారం రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం. అది 1935లోనే బెంగాలీలో చలనచిత్రమైంది. చక్రపాణి బెంగాలీ నేర్చి శరత్ నవలలను తెలుగు పాఠకులకు అందించిన అనువాదకుడు. ఆ అనుభవం ఇక్కడ ఉపకరించింది. ఉద్యోగం కోసం దంపతులుగా నటించే ఇద్దరు ఉపాధ్యాయుల కథను ఆయన తెలుగు పల్లె వాతావరణంలో సహజంగా ఒదిగేటట్లు మలిచారు.

చిత్ర శీర్షిక కూడా గమనింపదగినది. మిషనరీ స్త్రీలను, క్రైస్తవ బడులలో చదువు చెప్పే అవివాహిత స్త్రీలను తెలుగువారు ‘మిస్సమ్మ’ అని పిలుచుకొనేవారు. ఆంగ్లపదంలో పెళ్ళికాని స్థితి, దానికి చేరిన ‘అమ్మ’లో గౌరవం ఉన్నాయి. అంటే ఈ పదం మతాన్ని, వృత్తిని, అవివాహిత స్థితిని ఒకేసారి సూచిస్తుంది. కథలో ఆమె కోరిన ఉద్యోగం మాత్రం పెళ్ళైన స్త్రీకే దొరుకుతుంది. చిత్రంలోని సంఘర్షణ అంతా ఈ పేరులోనే ఇమిడి ఉంది.

3. ప్రకటనలోని షరతు:

అప్పాపురం జమీందారు గోపాలం తన తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి పేరిట ఒక పాఠశాల నడుపుతుంటాడు. అక్కడి పంతుళ్ళ నిర్వాకం వల్ల బడి దెబ్బతింటుంది. దాన్ని చక్కదిద్దడానికి పట్టభద్రులైన దంపతులు ఉపాధ్యాయులుగా కావాలని ఆయన పత్రికలో ప్రకటిస్తాడు. ఆ ప్రకటన ఇద్దరు నిరుద్యోగుల కంట పడుతుంది. ఒకరు ఎం.టి.రావు. వేగంగా పలికితే ఈ పొడి అక్షరాలలో ‘ఖాళీ’ అనే అర్థంగల ఆంగ్లపదం ధ్వనిస్తుంది. మరొకరు మేరీ. ఆమెకు డేవిడ్ వద్ద అప్పు ఉంది. ఆ అప్పును అడ్డుపెట్టుకొని తనను పెళ్ళాడమని అతడు వేధిస్తుంటాడు.

మేరీ ఎదుట ఉన్న పరిస్థితి ఇది: అప్పు తీర్చకపోతే ఇష్టం లేని నిజమైన పెళ్ళి; తీర్చాలంటే అబద్ధపు పెళ్ళి. ఉద్యోగం ఆమెకు కాలక్షేపం కాదు, తన పెళ్ళి విషయంలో తన మాట చెల్లడానికి ఉన్న ఒకే మార్గం. రెండు మార్గాలలోనూ వివాహం అనే మాట తప్పకపోవడం ఆనాటి చదువుకున్న స్త్రీ పరిస్థితిపై గట్టి వ్యాఖ్య. హాస్యచిత్రం కనుక ఈ వ్యాఖ్య ఉపన్యాస రూపంలో రాలేదు. కథ కదలడానికి కావలసిన కారణంగా వచ్చింది.

యజమాని దంపతులనే ఎందుకు కోరాడు? పల్లెటూరి బడిలో ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి పనిచేయాలంటే వారి మధ్య లోకం అంగీకరించిన సంబంధం ఉండాలి. లేకపోతే ఊరి నోరు మూయించడం కష్టం. సహోద్యోగం అనేది స్త్రీపురుషుల మధ్య ఒక చెల్లుబాటయ్యే సంబంధమని సమాజం ఇంకా గుర్తించలేదు. అందువల్ల ఆ కొత్త సంబంధానికి పాత పేరు తగిలించవలసి వచ్చింది. ‘దంపతులు’ అనే మాట ఇక్కడ అనుమతిపత్రంగా పనిచేస్తున్నది. రావు, మేరీ చేసిన మోసం ఆ అనుమతిపత్రాన్ని కల్పించుకోవడమే. బోధనలో వారు ఎవరినీ మోసం చేయలేదు. పిల్లలకు చదువు చెప్పగల అర్హత ఇద్దరికీ ఉంది. లేనిది పనికి సంబంధంలేని అర్హత మాత్రమే. ప్రేక్షకులు వారి అబద్ధాన్ని నేరంగా చూడక నవ్వుతూ క్షమించడానికి ఇదే కారణం.

ఈ కథలో డబ్బు ప్రసక్తి ఎక్కడా మరుగున పడదు. వారి వెంట చేరిన దేవయ్య పాత్రలో రేలంగి డబ్బును ‘తైలం’ అంటాడు. ఈ మాట చిత్రంతో పాటు జనవ్యవహారంలోకి వెళ్ళింది. బండి చక్రానికి తైలం ఎంత అవసరమో ఈ ప్రేమకథకు జీతం అంత అవసరం. వెన్నెల పాటలకు పేరుపొందిన చిత్రంలోనే డబ్బుకు ఇంత చక్కని మారుపేరు పుట్టడం కాకతాళీయం కాదు.

4. అనుకరణ నుంచి అనురాగానికి:

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యం శృంగారం నుంచి పుడుతుందని, శృంగారాన్ని అనుకరించడమే హాస్యమని వివరించాడు. ప్రేమ లేనిచోట ప్రేమ చేష్టలు, తగనివారిలో తగని అభినయం నవ్వు పుట్టిస్తాయని దీని సారాంశం. ‘మిస్సమ్మ’లోని కల్పిత దాంపత్యానికి ఈ సూత్రం అక్షరాలా సరిపోతుంది. ఊరి ముందు భార్యాభర్తలు, తలుపు వేసుకుంటే కీచులాడుకొనే అపరిచితులు. జమీందారు దంపతులు వారిని కన్నబిడ్డలా, అల్లుడిలా ఆదరించేకొద్దీ వారి ఇబ్బంది పెరుగుతుంది. ఆ ఇబ్బంది పెరిగేకొద్దీ మన నవ్వు పెరుగుతుంది.

ఈ నవ్వులో ఇద్దరి వంతు సమానం కాదు. రావుకు దంపతుల నటన కొంత సరదా. మేరీకి అది తన మతాన్ని, అలవాట్లను, అభిమానాన్ని రోజూ పక్కన పెట్టవలసిన పని. క్రైస్తవ యువతి హిందూ గృహిణిగా కనిపించాలి. ఆమె విసుగు, కోపం ఇక్కడినుంచే వచ్చాయి. సావిత్రి ఆ కోపాన్ని కేవలం చిరాకుగా అభినయించలేదు. ఆత్మగౌరవానికి దెబ్బ తగులుతున్న మనిషి ప్రతిస్పందనగా చూపించారు. ఎదురుగా రామారావు నెమ్మదితనం ఉండటం వల్ల ఆ కోపం మరింత స్పష్టంగా కనబడుతుంది. మేరీని గయ్యాళిగా చూస్తే చిత్రంలో సగం అర్థం పోతుంది. ఒకే జీతం కోసం ఆమె అతనికంటే ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది.

భరతుడు చెప్పిన క్రమంలో శృంగారం ముందు, దాని అనుకరణగా హాస్యం తరువాత. చక్రపాణి ఈ క్రమాన్ని తిరగవేశారు. ఇక్కడ అనుకరణ ముందు, అసలు తరువాత. నటించగా నటించగా ఆ నటనలోని మాటలకు అర్థం చేకూరుతుంది. వెన్నెల రాత్రి రావు ఆమెపై ఫిర్యాదును చందమామకు చెప్పుకొనే పాటలో హాస్యం, శృంగారం విడదీయరానంతగా కలిసిపోయాయి. బార్‌ట్లే చిత్రించిన వెన్నెల ఆ రెండింటికీ సమానంగా సరిపోయింది. భార్య కాని స్త్రీని గురించి భర్తలా వాపోవడం హాస్యం. ఆ వాపోవడంలో నిజం ఉందని అతనికి తెలియడం శృంగారం.

5. కలిసి పనిచేయడమే పరిచయం:

సాధారణ ప్రేమకథలో తొలిచూపుకు ఉన్న ప్రాధాన్యం ఈ కథలో లేదు. సహోద్యోగులు ఒకరినొకరు తమ మంచి ముఖాలతో చూసుకోరు. అలసట, కోపం, పంతం, పొరపాటు అన్నీ ముందే బయటపడతాయి. ప్రేమికులు పెళ్ళయ్యాక తెలుసుకొనే దోషాలను సహోద్యోగులు ప్రేమకు ముందే తెలుసుకుంటారు. రావు, మేరీల మధ్య అనురాగం ఆలస్యంగా వచ్చినా నమ్మదగినదిగా ఉండటానికి ఇదే కారణం.

తమకు ప్రేమ కలిగిందని వారికి తెలియజేసేది అసూయ. ఆ అసూయ కూడా బోధన ద్వారానే వస్తుంది. జమీందారు చిన్నకూతురు సీతకు రావు సంగీతం నేర్పడం మేరీకి కంటగింపవుతుంది. జమీందారు మేనల్లుడు రాజు మేరీ దగ్గర పాట నేర్చుకోబోతే రావుకు కష్టం తోస్తుంది. నాగేశ్వరరావు పోషించిన ఈ రాజుకు అపరాధ పరిశోధన అంటే మోజు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు విద్యార్థులు. నలుగురి మధ్య జరిగేది బయటికి పాఠమే. అతనిపై తనకు ఏ హక్కూ లేదని మొదటి నుంచి చెబుతూ వచ్చిన మేరీ, ఆ హక్కు మరొకరికి పోతుందేమో అన్నప్పుడు కలవరపడుతుంది. లోకానికి ఆమె భార్య కనుక అసూయపడటం సహజం. నిజానికి భార్య కాదు కనుక ఆ అసూయను తనకు తానే ఒప్పుకోలేదు. నటన అవసరం లేని భావం, నటించే పాత్రకు సరిగ్గా అతికిన ఘట్టం ఇది.

6. రెండు పోలికలు:

ఉద్యోగ భయం నీడలో ప్రేమహాస్యాన్ని నడిపిన చిత్రాలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. వాటితో పోల్చినప్పుడు ‘మిస్సమ్మ’ ప్రత్యేకత, దాని పరిమితి రెండూ స్పష్టమవుతాయి.

ఎర్నస్ట్ లూబిచ్ దర్శకత్వంలో 1940లో వచ్చిన ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’కు హంగరీ రచయిత మిక్లోష్ లాస్లో నాటకం ఆధారం. బుడాపెస్టులోని ఒక తోలు వస్తువుల దుకాణం అందులోని ఉద్యోగ స్థలం. క్రాలిక్, క్లారా అక్కడి అమ్మకపు ఉద్యోగులు. ఎదుట పడితే పోట్లాడుకొనే ఈ ఇద్దరే పేర్లు తెలియకుండా ఉత్తరాల ద్వారా ఒకరినొకరు ప్రేమించుకుంటుంటారు. క్లారాకు అక్కడ ఉద్యోగం సులువుగా దొరకలేదు. అమ్ముడుపోదని క్రాలిక్ అన్న సంగీతపు పెట్టెను ఆమె అప్పటికప్పుడు అమ్మి చూపించి పనిలో చేరింది. యజమాని అపార్థం వల్ల క్రాలిక్ ఉద్యోగం పోయిన రోజే, తాను ప్రేమించిన అజ్ఞాత లేఖకురాలు క్లారా అని అతనికి తెలుస్తుంది. ప్రేమ దొరికిన సాయంత్రమే జీతం పోయింది.

రెండు చిత్రాల్లోనూ నాయికానాయకుల మధ్య రెండు సంబంధాలు ఏకకాలంలో నడుస్తున్నాయి. లూబిచ్ చిత్రంలో బయట కలహం, ఉత్తరాల్లో ప్రేమ. ‘మిస్సమ్మ’లో బయట దాంపత్యం, ఇంట్లో కలహం. అక్కడ ప్రేమ రహస్యం. ఇక్కడ ప్రేమ లేకపోవడం రహస్యం. బంధుత్వం లేని స్త్రీపురుషులు ఒకేచోట పనిచేయడం బుడాపెస్టు దుకాణంలో వింత కాదు కనుక వారికి అబద్ధపు పెళ్ళి అక్కర లేకపోయింది. అప్పాపురంలో అది తప్పనిసరి అయింది. రెండు సమాజాల మధ్య తేడా ఈ ఒక్క అంశంలో కనిపిస్తుంది.

లూబిచ్‌ను గురువుగా భావించిన బిల్లీ వైల్డర్ 1960లో ‘ది అపార్ట్‌మెంట్’ తీశారు. న్యూయార్కులోని పెద్ద బీమా సంస్థలో బాక్స్‌టర్ గుమాస్తా, ఫ్రాన్ లిఫ్టు నడిపే యువతి. పై అధికారుల రహస్య సంబంధాలకు తన ఇంటి తాళంచెవి ఇచ్చి బాక్స్‌టర్ పదోన్నతి పొందుతాడు. తాను ఇష్టపడిన ఫ్రాన్‌నే అధికారి అక్కడికి తీసుకువస్తున్నాడని తెలిశాక చివరికి తాళంచెవి నిరాకరించి ఉద్యోగం వదులుకుంటాడు. ఇక్కడ ఉద్యోగం ప్రేమను కలుషితం చేసింది కనుక, ప్రేమను నిలుపుకోవడానికి ఉద్యోగం పోవలసి వచ్చింది.

ఈ రెండు చిత్రాల ముగింపులు పరస్పర విరుద్ధమైనవి. లూబిచ్ చిత్రంలో క్రాలిక్ తిరిగి ఉద్యోగంలో చేరి దుకాణం నిర్వహణ బాధ్యత చేపడతాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆ దుకాణంలోనే ప్రేమ వెల్లడవుతుంది. వైల్డర్ చిత్రంలో ప్రేమ ఉద్యోగానికి వెలుపల మొదలవుతుంది. ఒకటి నిలుపుకోవడం, మరొకటి వదులుకోవడం. రెండింటిలోనూ ఉద్యోగం ఏమైందో ప్రేక్షకునికి తెలుసు.

7. ముగింపులో మేరీ ఉద్యోగం:

ఇక ‘మిస్సమ్మ’ ముగింపు. రాజు చేసిన పరిశోధనలో మేరీ కాలిపై ఉన్న పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆమెను పెంచినవారి ద్వారా అసలు సంగతి తెలుస్తుంది. తప్పిపోయిన మహాలక్ష్మి ఆమెయే. రావుకు మేరీ, రాజుకు సీత దక్కుతారు.

ఈ ముగింపు అనేక చిక్కులను ఒకేసారి విప్పుతుంది. మతాంతర వివాహమన్న సమస్య మిగలదు, ఎందుకంటే ఆమె పుట్టుకతో హిందువు. అప్పు సమస్య కాదు, ఎందుకంటే ఆమె జమీందారు కూతురు. చేసిన మోసం తప్పు కాదు, ఎందుకంటే మోసపోయినవారు ఆమె తల్లిదండ్రులే. హాస్యచిత్రానికి కావలసిన శుభాంతం ఇంత పొదుపుగా సాధించడం చక్రపాణి కథన నైపుణ్యం.

అయితే విప్పిన ప్రతి చిక్కు వెనుక వాయిదా పడిన ప్రశ్న ఒకటి ఉంది. ఆమె నిజంగా క్రైస్తవ తల్లిదండ్రుల బిడ్డే అయి ఉంటే రావు ప్రేమకు అప్పాపురం అంగీకారం దొరికేదా? నెలజీతంతో అప్పు తీర్చుకోవాలన్న ఆమె సంకల్పం ఏమైంది? అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ బడి ఆమె పేరిటదే. మహాలక్ష్మి పాఠశాలలో మహాలక్ష్మియే ఇన్నాళ్ళు జీతానికి పనిచేసింది. ఈ చమత్కారాన్ని చిత్రం ఆనందంగా పరిహసిస్తుంది. దానిలోని మరో అర్థం ఇది: తన చదువుతో సంపాదించుకున్న స్థానం పక్కకు తప్పుకొని, పుట్టుకతో వచ్చిన స్థానం ముందుకు వచ్చింది. ఉద్యోగిని యజమాని బిడ్డ కావడంతో సహోద్యోగుల కథ కుటుంబ కథగా మారిపోయింది.

ఉద్యోగం కోసం భార్యగా నటించిన స్త్రీకి చివరికి భార్య స్థానం నిజంగా దక్కింది. నటనకు కారణమైన ఉద్యోగం మాత్రం కథకు అక్కర లేనిదయింది. ఆమె బోధన కొనసాగించిందా లేదా అని చిత్రం చెప్పదు, అడగదు. అడగకపోవడమే ఆ కాలపు సమాధానం. క్రాలిక్ తన పనిని నిలుపుకున్నాడు, బాక్స్‌టర్ తెలిసి వదులుకున్నాడు. మేరీకి ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకొనే సందర్భమే రాలేదు.

ఈ విమర్శ చిత్రాన్ని తక్కువచేసి చూపడానికి కాదు. ముగింపు దాటవేసిన ప్రశ్నలను ఆ ముగింపుకు ముందు రెండున్నర గంటలకు పైగా మన కళ్ళముందు నిలిపింది కూడా ఈ చిత్రమే. చదువుకున్న స్త్రీ జీతం కోసం బయలుదేరడం, అప్పు తీర్చి తన పెళ్ళిని తానే నిర్ణయించుకోవాలనుకోవడం, పరపురుషునితో సమాన హోదాలో పనిచేయడం, అతనితో వాదించి గెలవడం — వీటిని 1955లో నవ్వుతూ చూసి ప్రేక్షకులు ఆమె పక్షం వహించారు. గంభీర చిత్రం ఇదే విషయాన్ని చర్చకు పెట్టి ఉంటే ఎంతమంది అంగీకరించేవారో ఊహించవచ్చు.

8. ఉపసంహారం:

‘మిస్సమ్మ’లో ప్రేమకు మూలం ఉద్యోగం. సహోద్యోగులనే సంబంధానికి సమాజంలో ఇంకా గుర్తింపు లేకపోవడం వల్ల అది దాంపత్యపు వేషం వేసుకోవలసి వచ్చింది. ఆ వేషమే హాస్యానికి ఆధారమైంది. శృంగారానుకృతిగా మొదలైన హాస్యం కలిసి పనిచేసిన రోజుల వల్ల శృంగారంగా పరిణమించింది. ముగింపులో రక్తసంబంధం వచ్చి ఉద్యోగ సంబంధం స్థానాన్ని ఆక్రమించింది.

సహోద్యోగుల ప్రేమను చిత్రించిన తరువాతి తెలుగు చిత్రాలను పరిశీలించేవారికి ఈ చిత్రం ఒక ప్రమాణాన్ని అందిస్తుంది. ప్రేమ ఎలా మొదలైంది, అడ్డంకి ఎవరు అన్న ప్రశ్నలతో పాటు, ప్రేమ ఫలించిన మరునాడు ఆమె పనికి వెళ్ళిందా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. మేరీ అప్పాపురానికి వచ్చింది భర్త కోసం కాదు, బడిలో ఉద్యోగం కోసం. ఆ సంగతి గుర్తుపెట్టుకొని చూసినప్పుడు ఈ పాత చిత్రంలోని నవ్వు తగ్గదు. ఆ నవ్వు వెనుక ఒక చదువుకున్న స్త్రీ పడిన శ్రమ కనిపిస్తుంది.